తిథి చెప్పని అతిథి

మన పెద్దలు మాటలు పుట్టించడంలో బహు గడుసువాళ్లు. ఇంటికి వచ్చేవాళ్లలో రెండు తెగలున్నాయని కనిపెట్టారు. ఫలానా రోజున ఫలానా బండికి దిగుతామని ముందుగా కబురు చేసి వచ్చేవాళ్లు చుట్టాలు. తిథీ వారమూ చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు అతిథి. చుట్టానికి మర్యాద చెయ్యడం తేలిక. ముందురోజు రాత్రే పప్పు నానబోసుకోవచ్చు. అతిథి సంగతి అలా కాదు. అతను వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా వుండాలి, పొయ్యిలో నిప్పు వుండాలి. లేకపోతే వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోతాడు. వచ్చాడన్న సంగతి కూడా మనకు తెలియదు.

ఆకాశంలోనూ ఈ రెండు తెగలూ వున్నాయి. చంద్రుడు, గ్రహాలు, గ్రహణాలు చుట్టాల కోవలోవి. పంచాంగం తిరగేస్తే ఏ ఘడియకు ఎక్కడ వుంటాయో తెలిసిపోతుంది. రెండో తెగవి మాత్రం ఏ పంచాంగానికీ లొంగవు. ఏళ్ల తరబడి చీకట్లో మునిగి వుండి, ఒకనాడు హఠాత్తుగా లక్షల సూర్యుల పెట్టుగా వెలిగి, నాలుగు వారాలో పది వారాలో వుండి మళ్లీ ఆరిపోతాయి.

అటువంటి అతిథి ఒకటి 2019 నవంబరు 20వ తేదీన ప్రపంచం కంటబడింది. ఆ రోజుల్లో రాత్రి పదీ పదిన్నర మధ్య మా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె ఒడ్డున నిలబడి సరిగా దక్షిణ దిక్కుకు తిరిగితే, నేలా ఆకాశమూ కలిసే గీతను దాదాపు ఆనుకొని అది మన ఎదటనే వుండేది. అయినా మనలో ఒక్కరమూ దాన్ని చూడలేదు. చూడ్డానికి వీల్లేదు కూడాను. దాన్ని చూచినవాళ్లెవరు, చూసి ఏం తెలుసుకున్నారు అన్నదే ఈ వ్యాసం. నేను ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి కాను. బడిపిల్లలకు చాలాకాలం సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. తెలిసినంతలో తేటగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పెద్దమ్మ వేసిన ప్రశ్న

బోగోలుకు శ్రీహరికోట తిన్నగా కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు దక్షిణాన వుంది. అప్పట్లో అది మా నెల్లూరు జిల్లాలోదే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా పొగ మారలేదు. అక్కడ రాకెట్టు లేచిందంటే, మబ్బు లేని రోజున మా వాళ్లంతా మేడలెక్కి, గట్లెక్కి దక్షిణానికి చూస్తారు. తెల్లని గీత ఒకటి నిట్టనిలువుగా లేచి, తూర్పుకు వంగి, సముద్రం మీదుగా పోయి కనుమరుగవుతుంది.

2015 సెప్టెంబరు 28న ఉదయం 10 గంటలకు అలా లేచిన పి.ఎస్.ఎల్.వి. సి-30 రాకెట్టు, ఆస్ట్రోశాట్ అనే ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. నక్షత్రాల్ని పరిశీలించడానికే ప్రత్యేకంగా మనవాళ్లు కట్టిన మొదటి వేధశాల అది. బరువు 1,500 కిలోల పైచిలుకు. తయారీకి 178 కోట్ల రూపాయలైందని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి వినిపిస్తుంటే మా పక్కింటి పెద్దమ్మ అడిగింది:

“ఏంది నాయనా, అంత దుడ్డు బోసి పైకి తోలారే, అదేం తెచ్చిపెడతది మనకి? వానలు చెప్తదా, తుపాన్లు చెప్తదా?”

“లేదు పెద్దమ్మా. వానలూ తుపాన్లూ చూసేవి వేరే వున్నాయి. ఇది నక్షత్రాల్ని చూసేది” అన్నాను.

“చుక్కల్ని మేమూ చూస్తానే వుండాం గదా, పైసా ఖర్చు లేకుండా!” అని నవ్వేసింది పెద్దమ్మ.

నవ్వుతూ అన్నా, ఆ ప్రశ్న నవ్వి తోసెయ్యదగింది కాదు. తుపాను వస్తే పడవలూ వలలూ పోగొట్టుకునే ఊళ్లవాళ్లం. పైకి పంపిన ప్రతి రూపాయికీ లెక్క అడిగే హక్కు మాకు వుంది. దానికి సరైన జవాబు, ఆ తెల్లగీత చెరిగిపోయిన నాలుగేళ్లకు ఆకాశమే చెప్పింది.

గాలి అనే గోడ

ముందుగా పెద్దమ్మ చూసే చుక్కలకూ, ఆస్ట్రోశాట్ చూసే చుక్కలకూ తేడా చెప్పాలి. మన కంటికి ఆనే వెలుగు, వెలుగు అనే పెద్ద కుటుంబంలో ఒక చిన్న పాయ. ఆ కుటుంబంలోనే చాలా చురుకైన పాయ ఎక్స్ కిరణాలు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఈ కిరణాలే ఆసుపత్రిలో మన ఎముకల ఫొటో తీస్తాయి.

ఛాతీ దూసుకుపోయే కిరణానికి ఆకాశం నుంచి నేలకు దిగడం ఒక లెక్కా అనిపిస్తుంది. కాని మన నెత్తిన వున్న గాలి తక్కువదేమీ కాదు. దాని బరువు పది మీటర్ల లోతు నీటి బరువుతో సమానం. అంత గోడను ఎక్స్ కిరణాలు దాటలేవు. దాటలేవు కనుకనే భూమ్మీద జీవకోటి సుఖంగా వుంది. అయితే ఆ రక్షణే మన కళ్లకు గంత కట్టింది. ఎక్స్ కిరణాల ఆకాశం ఎలా వుంటుందో 20వ శతాబ్దం సగం గడిచేదాకా మనిషికి తెలియదు.

ఆ గంత విప్పింది రాకెట్టు. 1962 జూన్‌లో అమెరికాలో రికార్డో జియకోనీ బృందం ఒక చిన్న రాకెట్టును గాలి గోడకు పైగా పంపింది. చంద్రుడి మీది నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయేమో చూద్దామని వాళ్ల ఉద్దేశం. కొద్ది నిమిషాలపాటు మాత్రమే చూపు దొరికింది. చంద్రుడి సంగతి తేలలేదు గాని, వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత గట్టిగా ఎక్స్ కిరణాలు కురిశాయి. సౌరకుటుంబానికి బయట అలాంటి నక్షత్రం దొరకడం అదే మొదలు. ఆ కృషికి జియకోనీకి 2002లో నోబెల్ బహుమానం వచ్చింది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరాన, మన హిందూ మహాసముద్రం మీదనే, ‘ఉహురు’ అనే ఉపగ్రహం లేచి ఈ నక్షత్రాలకు మొదటి పట్టిక తయారుచేసింది.

ఇందులో తెలుగునేలకూ భాగం వున్నదని చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో మనవాళ్లు బెలూన్లను నమ్ముకున్నారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు బి.వి. శ్రీకంఠన్ నాయకత్వాన, 1968లో హైదరాబాదు నుంచి పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదిలారు. గాలి చాలావరకు అడుగున వుండిపోయే ఎత్తుకు బెలూను చేరుకుంటుంది. కొన్ని గంటలసేపు ఎక్స్ కిరణాలు కొలుస్తుంది. ఆ తరువాత పరికరం పారాచూటుతో ఏ చేలోనో దిగుతుంది. ముట్టుకోవద్దు, కబురు చెయ్యండి అని పల్లెల్లో ముందుగా ప్రకటనలు వేస్తారు. ఆ పనిలో వున్న కుర్రవాళ్లలో పి.సి. అగ్రవాల్ ఒకరు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1975 ఏప్రిల్ 19న రష్యా గడ్డ మీది నుంచి లేచిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభటలోనూ ఎక్స్ కిరణాల పరికరం వుంది. కాని కొద్ది రోజులకే విద్యుత్తు సరఫరా దెబ్బతిని ప్రయోగాలు ఆగిపోయాయి. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఐ.ఆర్.ఎస్. పి-3 ఉపగ్రహం మీద మరో చిన్న పరికరం పెట్టారు. అలా మెట్టుమెట్టుగా ఎక్కి 2015లో ఆస్ట్రోశాట్‌కు చేరారు.

పైనున్న కాపలావాడు

ఆస్ట్రోశాట్ భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖను అంటిపెట్టుకొని తిరుగుతుంది. రోజుకు సుమారు పధ్నాలుగుసార్లు భూమిని చుట్టి వస్తుంది. మా మీదుగా మాత్రం ఎన్నడూ పోదు; ఉత్తరానికి ఆరు డిగ్రీలు దాటి రాదు.

దాంట్లో అయిదు పరికరాలున్నాయి. మన కథకు ముఖ్యమైనది లాక్స్‌పిసి. చూపుకు అవి మూడు పెద్ద పెట్టెలు. లోపల జెనాన్ వాయువు నింపి, సన్నని తీగలు కట్టారు. దూరాన్నించి వచ్చిన ఎక్స్ కిరణం ఆ వాయువులో ఒక అణువును తాకుతుంది. దాంట్లోంచి ఎలక్ట్రాను వూడుతుంది. తీగ దగ్గరకు పోయేసరికి ఒకటి పదై, పది వేలై చిన్న విద్యుత్ చిటుకు పుడుతుంది. ఆ చిటుకు ఏ క్షణాన పుట్టిందో సెకండును లక్ష భాగాలు చేసి అందులో ఫలానా భాగమని రాసిపెడుతుంది. ఇంత పెద్ద పెట్టెలతో, ఇంత సూక్ష్మంగా కాలం కొలిచే ఏర్పాటు ప్రపంచంలోనే అరుదు.

అయితే యంత్రానికీ వయసు మీదపడుతుంది. మూడు పెట్టెల్లో ఒకదాంట్లో వాయువు కారిపోయి 2018లో దాన్ని ఆపివేశారు. రెండోదాని తీరు నిలకడ తప్పింది. మూడోది ఒక్కటే ఆరోగ్యంగా మిగిలింది. పైకి పోయి బాగుచేసి వచ్చే వీలు లేదు. ఉపగ్రహానికి అయిదేళ్ల ఆయుర్దాయం అనుకున్నారు. అందులో నాలుగేళ్లు అప్పటికే గడిచాయి. సరిగ్గా ఆ దశలో అతిథి తలుపు తట్టింది.

పాత చిట్టాలో దొరికిన ఆనవాలు

మన పాలపుంతకు రెండు చిన్న ఇరుగుపొరుగు నక్షత్రవీధులున్నాయి. దక్షిణాది ఆకాశంలో చెదిరిన మబ్బుతునకల్లా కనిపిస్తాయి. 16వ శతాబ్దంలో భూమి చుట్టిరావడానికి బయలుదేరిన మెజెల్లన్ పేరుమీద వాటిని మెజెల్లన్ మేఘాలంటారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఒకదాన్నొకటి లాక్కోవడంలో మధ్యన వాయువులూ నక్షత్రాలూ సాగి వంతెనలా ఏర్పడ్డాయి. మన అతిథి కాపురం ఆ వంతెన మీద, చిన్న మేఘం పక్కన. దూరం సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాలు. నక్షత్రవీధుల లెక్కలో ఇది పక్కిల్లే.

దాని పేరు వినసొంపుగా వుండదు: ఆర్.ఎక్స్. జె 0209.6-7427. ఇది పేరు కాదు, చిరునామా. ఆకాశం మీద అక్షాంశ రేఖాంశాలు.

1993లో ఈ తార రెండుసార్లు వెలిగింది. రెంటికీ మధ్య ఆరు నెలల ఎడం. ఒక్కో తడవ సుమారు 40 రోజులు. అప్పట్లో జర్మనీవాళ్ల రోశాట్ ఉపగ్రహం దాన్నీ నమోదు చేసింది. నమోదు చేసిందే గాని, ఎవరూ గమనించలేదు. ఆ చిట్టాలు భద్రంగా దాచారు. పన్నెండేళ్లు పోయాక 2005లో కహబ్కా, హిల్కర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ పాత చిట్టాలు తిరగేస్తుంటే, అతిథి అడుగుజాడలు దొరికాయి. అప్పటికి అతిథి ఎప్పుడో వెళ్లిపోయింది. మళ్లీ వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో చెప్పగలవారు లేరు.

ఇరవయ్యారేళ్లు గడిచాయి. 2019 నవంబరు 20న, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద జపానువాళ్లు పెట్టిన మాక్సి అనే పరికరం, ఆ వంతెన దిక్కున కొత్త వెలుగు కనబడిందని చెప్పింది. మాక్సి ఊరి తలారిలాంటిది. ఆకాశమంతా గస్తీ తిరుగుతూనే వుంటుంది. కొత్త ముఖం కనబడితే కేకవేస్తుంది. ఫలానావాడని గుర్తుపట్టేది మాత్రం తరువాత వచ్చేవాళ్లు. మరో ఉపగ్రహం వెళ్లి చిరునామా సరిచూసింది: 1993 నాటి అతిథే! అదే అంతరిక్ష కేంద్రం మీద వున్న అమెరికా వాళ్ల నైసర్ పరికరం, ఆ వెలుగు సుమారు 9.3 సెకండ్లకొకసారి నాడిలా కొట్టుకుంటున్నదని కనిపెట్టింది.

ఇటువంటి వేళ వేధశాలలు ముందు వేసుకున్న కార్యక్రమం పక్కనబెట్టి అతిథి వైపు తిరగాలి. ఆస్ట్రోశాట్‌కు ఆ ఏర్పాటు వుంది. అతిథి ఇంకా వెలుగుతూ వుండగానే మనవాళ్లు ఉపగ్రహాన్ని అటు తిప్పారు. మిగిలిన ఆ ఒక్క మంచి పెట్టె, చిటుకులు లెక్కపెట్టింది. ఆ లెక్కలు విప్పి చదివినవారు నలుగురు: అమర్ దేవ్ చంద్ర, జయశ్రీ రాయ్, మనోజేందు చౌధురి, నాలుగో ఆయన పి.సి. అగ్రవాల్. ఔను, అర్ధశతాబ్దం కిందట హైదరాబాదు బెలూన్ల పనిలో వున్న ఆయనే. లాక్స్‌పిసి పెట్టెల తయారీకి నాయకత్వం వహించిందీ ఆయనే. వారి వ్యాసం 2020లో ఇంగ్లండు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వచ్చింది.

ఇంతకూ ఎవరీ అతిథి?

ఇది ఒంటరి కాదు, జంట. ఒకటి న్యూట్రాన్ తార. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే గట్టి ముద్ద. సూర్యుడికంటె ఎక్కువ పదార్థం, ఒక ఊరంత చోటులో కుక్కితే ఎలా వుంటుందో అలా వుంటుంది. చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది. దాని జతగత్తె వేడిగా, నీలంగా వెలిగే పెద్ద నక్షత్రం. బొంగరంలా మహావేగంగా తిరుగుతూ, నడుము చుట్టూ పదార్థాన్ని చిమ్ముకొని పళ్లెంలా పరచుకుంటుంది.

మామూలు రోజుల్లో న్యూట్రాన్ తారకు తిండి దొరకదు. చీకట్లో వుంటుంది. జతగత్తె పళ్లెం ఎప్పుడో బాగా పెరిగి పొంగినప్పుడు అందులో పదార్థం న్యూట్రాన్ తార చేతికి చిక్కుతుంది. అంత బరువైన ముద్ద మీద పడే పదార్థం కాంతి వేగంలో దాదాపు సగం వేగం అందుకుంటుంది. పడినచోట కోట్ల డిగ్రీల వేడి. ఆ వేడిలోంచి వచ్చేవే ఎక్స్ కిరణాలు. పళ్లెం ఖాళీ అయితే విందు ముగుస్తుంది, దీపం ఆరుతుంది.

మరి నాడి ఎందుకు కొట్టుకుంటుంది? మా పక్క ఇస్కపల్లి తీరాన దీపస్తంభం వుంది. దీపస్తంభం వెలుగు సముద్రం మీది పడవవాళ్లకు ఒకసారి కనబడి, పోయి, మళ్లీ కనబడుతుంది. దీపం ఆరి వెలగడం లేదు. వెలుగు కట్ట తిరుగుతున్నది. న్యూట్రాన్ తారకు బలమైన అయస్కాంత శక్తి వుంది. పడే పదార్థాన్ని అది రెండు ధ్రువాలకే మళ్లిస్తుంది. ధ్రువాలు మండుతాయి, తార తిరుగుతుంది, 9.3 సెకండ్లకొకసారి వెలుగు మన మీదుగా పోతుంది.

ఆ నాడి పట్టుకొని ఎన్నో సంగతులు రాబట్టవచ్చు. ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరుపడిన బిట్రగుంట మాకు ఆనుకొనే వుంది. ఆ ఇంజన్లు పోయి చాలాకాలమైంది గాని, రైలు దగ్గరకొస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినబడుతుందని ఇక్కడి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. తార మన వైపు వస్తున్నప్పుడు నాడి దెబ్బలు దగ్గర దగ్గరగా, దూరమవుతున్నప్పుడు ఎడమెడంగా అందుతాయి. ఆ తేడాలు లెక్కవేసి, ఈ జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి సుమారు 47 రోజులు పడుతుందని తేల్చారు. పడే పదార్థం తోపుడుకు తార ఇంకా వేగంగా తిరగసాగిందని కూడా తెలిసింది. తిరిగే బొంగరానికి ఒడుపుగా మరో దెబ్బ వేసినట్టన్నమాట.

హద్దు మీరిన వెలుగు

అసలు వింత ఇప్పుడు చెబుతాను. పడే పదార్థం వల్ల వెలుగు పుడుతుంది; ఆ వెలుగు ఎదురు తోసి, పడే పదార్థాన్ని వెనక్కు నెడుతుంది. వెలుగు ఒక హద్దు దాటితే ఇక పదార్థం లోపలికి రానే రాలేదు. ఈ హద్దు చెప్పినవాడు ఇంగ్లండులోని ఆర్థర్ ఎడింగ్టన్. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నక్షత్రాల బరువుకు హద్దు కట్టినప్పుడు 1935లో నిండు సభలో కాదన్నవాడూ ఆయనే. చంద్రశేఖర్‌కు ఆ విషయంలో న్యాయం జరిగి 1983లో నోబెల్ బహుమానం వచ్చింది. ఎడింగ్టన్ హద్దూ నిలిచింది. కాని ఈ అతిథి ఆ హద్దును లెక్కచెయ్యలేదు. ఆస్ట్రోశాట్ కొలత ప్రకారం ఒక న్యూట్రాన్ తారకు వుండదగిన హద్దుకు తొమ్మిది పదిరెట్లు వెలిగింది. సూర్యుడి మొత్తం వెలుగుతో పోలిస్తే నాలుగు లక్షల రెట్లు. అదీ ఎక్స్ కిరణాల రూపంలో.

ఇది ఎలా సాధ్యం? మా కొండబిట్రగుంట వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు చూసినవారికి సులభంగా బోధపడుతుంది. ఒక్కటే వాకిలి వుండి, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందులోనే తోసుకుంటే కాసేపటికి ఎవరూ కదలలేరు. అదే కర్రలు కట్టి, లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఏర్పాటు చేస్తే ఎంత జనమైనా సాగిపోతుంది. ఎడింగ్టన్ లెక్క అన్ని వైపుల నుంచీ ఒకేలా పదార్థం పడుతుందనుకుని వేసింది. న్యూట్రాన్ తార దగ్గర అయస్కాంత శక్తి కర్రలు కడుతుంది. పదార్థం స్తంభంలా ధ్రువం మీద దిగుతుంది. వెలుగు ఆ స్తంభం పక్కల నుంచి జారిపోతుంది. శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెబుతున్న వివరణల్లో ఇది ముఖ్యమైనది.

ఇలా హద్దు మీరి వెలిగే వస్తువులు ఇతర నక్షత్రవీధుల్లో కనబడుతున్నాయని చాలాకాలంగా తెలుసు. అవి పెద్ద పెద్ద కృష్ణబిలాలు కాబోలు అనుకునేవారు. 2014లో ఎమ్-82 అనే నక్షత్రవీధిలో అలాంటి ఒకదానికి నాడి వున్నట్టు బయటపడింది. కృష్ణబిలానికి అటువంటి నాడి వుండదు. కాబట్టి అది న్యూట్రాన్ తారే. కాని ఎమ్-82 కోటి కాంతి సంవత్సరాల పైమాట. అంత దూరాన్నించి వచ్చే చిటుకులు కొద్ది. 2017లో మన పాలపుంతలోనే ఒకటి వెలిగింది. 2019లో ఇదిగో, పక్కింట్లో ఈ అతిథి. దూరంగా వున్నవాటిని అర్థం చేసుకోవడానికి దగ్గరగా వున్నదాన్ని కూలంకషంగా చూడాలి. ఆ అవకాశం కొద్ది వారాలు మాత్రమే దొరికింది. అది పోగొట్టుకుంటే మళ్లీ ఎన్నాళ్లో ఎవరు చెప్పగలరు?

లెక్క అప్పజెప్పడం

ఈ కథంతా పెద్దమ్మకు చెప్పాను. 178 కోట్లను 2011 జనాభా లెక్కల ప్రకారం 121 కోట్ల మందికి పంచితే తలకు రూపాయిన్నర పడలేదని కూడా చెప్పాను. “అయితే మా ఇంట్లో అయిదుగురం. ఏడు రూపాయల చిల్లర” అని వేళ్ల మీద లెక్కవేసింది. “ఆ చిల్లరకి రెండు లక్షల ఏళ్ల నాటి మంట చూపించారు” అన్నాను. “పోన్లే, తిరణాళ్లో గారడీవాడు అంతకంటే ఎక్కువే లాగుతాడు” అన్నది.

ఆవిడ మాటలో వేళాకోళం ఎంతో, అంగీకారం ఎంతో నేను తూచలేదు. నా మటుకు నాకు ఆ రూపాయిన్నర వల్ల దక్కిన లాభం ఇది: ఆ న్యూట్రాన్ తారలో వున్నంత బరువు, అంత అయస్కాంతం, అంత వేడి భూమ్మీద ఏ ప్రయోగశాలలోనూ పుట్టించలేము. పదార్థం అక్కడ ఎలా నడుచుకుంటుందో తెలుసుకోవాలంటే అక్కడికే చూడాలి. అది కడుపు నింపదు. తుపాన్ని ఆపదు. కాని ఒక దేశం తన సొంత కళ్లతో దాన్ని చూసి, ప్రపంచానికి చెప్పగలిగింది. ఆ కళ్లు మా ఎదటనే పైకి లేచాయి.

మరో సంగతి కన్నవాళ్లందరూ వినాలి. ఆస్ట్రోశాట్ కూర్చిన చిట్టాలు తాళం వేసి దాచినవి కావు. బెంగుళూరు పక్కన బైలాలులో భద్రపరచి, 2018 నుంచి ఎవరైనా తీసి చదువుకునేటట్టు తెరిచిపెట్టారు. 1993 నాటి చిట్టాలో 2005లో అతిథి దొరికిందని చెప్పాను గదా! ఈ చిట్టాల్లోనూ ఎవరి కంటా పడని ఆనవాళ్లు వుండవచ్చు. చదివే ఓపికా, లెక్కల్లో పట్టూ వుంటే, ఆ ఆనవాలు పట్టేది కావలిలోనో నెల్లూరులోనో చదువుకునే ఆడపిల్ల కారాదని నియమం లేదు.

అయిదేళ్లకని పంపిన ఆస్ట్రోశాట్ 2025 సెప్టెంబరు నాటికి పదేళ్లు నిండించుకుంది. 2024 జనవరి 1న ఉదయం శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ అనే మరో ఉపగ్రహం లేచింది. అది ఎక్స్ కిరణాల కంపన దిశను కొలుస్తుంది. వెలుగు న్యూట్రాన్ తార స్తంభం కొననుంచి వస్తున్నదా, పక్కల నుంచి వస్తున్నదా అన్నలాంటి ప్రశ్నలకు ఆ కొలతలు పనికివస్తాయి.

ఆ దిక్కు చూడాలని ముచ్చటపడే పాఠకులకు గుర్తులు చెబుతాను. డిసెంబరు మొదటి వారంలో, చంద్రుడు లేని రాత్రి, ఎనిమిదిన్నర తొమ్మిది ప్రాంతాల దక్షిణానికి తిరగండి. తూర్పు పక్కన అగస్త్య నక్షత్రం అప్పుడే పైకి వస్తుంటుంది. నేరుగా దక్షిణాన, చెయ్యి చాచి జానపెడితే ఆ జానెడు ఎత్తున మరో ప్రకాశవంతమైన చుక్క ఒంటరిగా వుంటుంది. దాని పేరు అచెర్నార్. దాని నుంచి తిన్నగా కిందికి దిగితే, దిగంతాన్ని ఆనుకున్నచోట మన అతిథి ఇల్లు. మంచు లేకుండా నిర్మలంగా వుంటే, అర్ధరాత్రి దాటాక అక్కడికి కాస్త ఎడమగా, మూడు వేళ్ల ఎత్తున పెద్ద మెజెల్లన్ మేఘం పలచని మరకలా కనబడవచ్చు. పిల్లల కళ్లకు మన కళ్లకంటె ముందు ఆనుతుంది. వాళ్లను వెంట తీసుకువెళ్లండి.